విశేషణాలు తీసేయమని ఎందుకంటారు? అన్నీ తీసేస్తే భాష చప్పబడదా?

కథలు రాయడం మొదలుపెట్టానని, చదివినవాళ్లంతా విశేషణాలు తగ్గించమంటున్నారని రాశారు. అన్నీ తీసేయనక్కరలేదు. విశేషణం పని తన పక్కనున్న వస్తువును అలాంటి మిగతావాటి నుంచి వేరుచేసి చూపడం. ఆ పని చేస్తుంటే ఉంచండి. చేయకపోతే అది మీ వాక్యంలో చోటు ఆక్రమిస్తున్నట్టే. నాకు ఈ సంగతి గట్టిగా తెలిసివచ్చింది వాన వార్తలు దిద్దేటప్పుడు.

ఒక దినపత్రికలో కోస్తా జిల్లాల డెస్కులో సబ్ ఎడిటర్‌గా చాలా కాలం పనిచేశాను. వానాకాలం మొదలైందంటే మండలాల విలేకరుల నుంచి వచ్చే కాపీలో ప్రతి వానా ‘భారీ వర్షమే’. గంటసేపు కురిసి మురుగుకాలువ పొంగినా భారీయే, కోతకొచ్చిన వరి రోజుల తరబడి నీళ్లలో నానినా భారీయే. నిజానికి వాతావరణ శాఖ దగ్గర ఈ మాటకు కొలత ఉంది. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ. అదీ దాటితే అత్యంత భారీ. తుఫాన్ల సంగతీ అంతే. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను, 89కి చేరితే తీవ్ర తుఫాను, 118కి చేరితే అతి తీవ్ర తుఫాను. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ అతి తీవ్ర తుఫాను. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తీవ్ర తుఫాను. తీరంలో పూరిపాకలో ఉండే కుటుంబం ఇల్లు వదలాలా వద్దా అన్నది ఆ చిన్న ‘అతి’ని బట్టి తేల్చుకోవలసి రావచ్చు.

అలాంటి మాటను ఒక జల్లుకు ఖర్చు చేస్తే నాకు కోపం వచ్చేది. రోజూ ‘భారీ’ చదివి అలవాటుపడిన కళ్లు, నిజంగా ముంచెత్తే వాన వచ్చే రోజున ఆ శీర్షిక మీద ఆగవు. అందుకే విలేకరులను ఒకటే అడిగేవాణ్ని: వర్షమాపకం చూపిన అంకె పంపండి, లేదా నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి రాయండి. ‘బడిలో బల్లల మీదికి నీళ్లెక్కాయి’ అన్న వాక్యం వచ్చాక ‘భారీ’ దానంతట అదే రాలిపోయేది.

‘దారుణ హత్య’ కూడా అలాంటిదే. దారుణం కాని హత్య ఉంటుందా? ‘ఘోర ప్రమాదం’, ‘కీలక నిర్ణయం’, ‘సంచలన వ్యాఖ్యలు’... నిర్ణయం ఎవరికి కీలకమో చెప్పకుండా దాటవేయడానికే ఆ మాట పనికొస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు 10 వేల మంది పోయారు. ఆ వైపు పెద్దవాళ్లు దాన్ని ‘ఉప్పెన’ అనే అంటారు, ముందు ఏ విశేషణమూ తగిలించరు. ఏ ఉప్పెన అని అక్కడ ఎవరూ అడగరు.

అలాగని విశేషణాలంటే నాకు పడదనుకోకండి. చిమ్మచీకటి, పచ్చి అబద్ధం, మండుటెండ లాంటివి తెలుగుకు ఆస్తి. ‘చాలా చీకటి’ అని వంద సార్లు రాసినా చిమ్మచీకటి కాదు. చివరకు చిట్టచివర, నడుమకు నట్టనడుమ, పగలుకు పట్టపగలు! ‘చాలా’, ‘మరీ’ అనే అవసరమే లేకుండా మాటలోనే బరువు పెంచుకునే ఈ ఏర్పాటుకు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రమే చెప్పారు. క్రియల నుంచి పుట్టే విశేషణాలు నాకు ఇంకా ఇష్టం. ‘ఎండిన చెరువు’, ‘అతుకులేసిన చొక్కా’, ‘నానిన గోడ’ అన్నప్పుడు ఆ ఒక్క మాటలో జరిగిన పనీ, గడిచిన కాలమూ కూడా ఉంటాయి. నేను అనుమానంగా చూసేది ‘మైన’తో ముగిసే గుంపును: అందమైన, అద్భుతమైన, విశాలమైన, ప్రశాంతమైన. వీటిలో చాలావరకు రాసినవారి తీర్పులే. తీర్పు పాఠకుడికి వదిలేయడం మర్యాద.

ఇక మీరు పంపిన వాక్యం: ‘ఆ అందమైన సాయంత్రం, విశాలమైన గోదావరి గట్టున, నీరసమైన ముఖంతో ఒక ముసలి జాలరి కూర్చుని ఉన్నాడు.’ గోదావరి విశాలమని తెలుగు పాఠకుడికి చెప్పనక్కరలేదు. దాని బదులు ఏ గట్టో చెప్పండి, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర కనిపించే నది వేరు, కోనసీమ లంకల దగ్గర కనిపించేది వేరు. సాయంత్రం అందంగా ఉందన్నది మీ అభిప్రాయం, ఆ జాలరికి అలా ఉందో లేదో. ‘ముసలి’ని మాత్రం కదపకండి. ఆ వయసులోనూ వేటకు వస్తున్నాడన్న కథంతా దానిలోనే ఉంది. ‘నీరసమైన ముఖం’ కొట్టేసి, అతని బుట్టలో చేపలెన్ని ఉన్నాయో రాయండి.