మైక్రోఫ్లూయిడిక్ చానెల్ ఫోటోలో కనిపించే వెలుగునే గాఢతగా తీసుకోవచ్చా?

వై ఆకారపు మైక్రోఫ్లూయిడిక్ చానెల్‌లోకి (ద్రవం పారే అతి సన్నని మార్గం) ఒక వైపు నుంచి ఫ్లోరెసీన్ (నీలి కాంతి పడితే ఆకుపచ్చగా వెలిగే రంగు), మరో వైపు నుంచి రంగులేని ద్రావణం పంపుతున్నానని, ఫోటోలో క్రమంగా తగ్గుతున్న వెలుగే గాఢత ప్రవణత (ఒక చోటి నుంచి మరో చోటికి గాఢత మారే తీరు) అనుకోవచ్చా అని అడిగారు. నేరుగా అలా తీసుకోకండి. నేను తీసుకుని రెండు వారాలు పోగొట్టుకున్నాను.

మధ్యగీతకు ఇరువైపులా సమంగా ఉండాల్సిన వక్రం నా గ్రాఫులో ఒక వైపు వంగిపోయి వచ్చేది. లోపం వ్యాపనంలోనే (రంగు అణువులు వాటంతట అవే పక్కకు పరచుకోవడం) ఉందనుకుని లెక్కలు తిరగరాస్తూ కూర్చున్నాను. చివరికి చానెల్ నిండా ఒకే గాఢత ఉన్న ఫ్లోరెసీన్ నింపి ఫోటో తీశాను. అంతటా ఒకేలా వెలగాల్సిన చానెల్ కుడి అంచుకు వెళ్లేకొద్దీ మసకబారింది. ద్రవంలో ఏ తప్పూ లేదు, మైక్రోస్కోప్ దీపం కాంతే సమంగా పడటం లేదు.

అప్పటి నుంచి ప్రతి ప్రయోగంలోనూ అదే చోట మూడు ఫోటోలు తీస్తాను: బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) మాత్రమే ఉన్నది, ఫ్లోరెసీన్ నిండినది, అసలు ప్రవణత. మొదటి దాన్ని మిగతా రెండింటిలోంచి తీసివేసి, ప్రవణత ఫోటోను నిండు ఫోటోతో భాగిస్తే 0 నుంచి 1 వరకు సాపేక్ష గాఢత వస్తుంది. ప్రతి ఫోటోకూ వెలుగును తనే సర్దుకునే కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయకపోతే ఇదంతా వృథా.

గాఢత మరీ ఎక్కువైనా వెలుగు దానికి అనుపాతంలో పెరగదు. 100 మైక్రోమీటర్ల లోతున్న చానెల్‌లో 10 మైక్రోమోలార్ ఫ్లోరెసీన్ ఉత్తేజక కాంతిలో (దాన్ని వెలిగించడానికి వేసే కాంతి) సుమారు 2 శాతమే పీల్చుకుంటుంది. 1 మిల్లీమోలార్ దగ్గర 80 శాతానికి పైగా పీల్చేస్తుంది, లోపలి పొరలకు కాంతే అందదు.

ఫలితం నమ్మదగినదో కాదో తేల్చడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. నీటిలో ఫ్లోరెసీన్ వ్యాపన గుణకం (ఎంత వేగంగా పరచుకుంటుందో చెప్పే సంఖ్య) సెకనుకు సుమారు 420 చదరపు మైక్రోమీటర్లు. రెండు ప్రవాహాలు కలిసిన 1 సెకను తర్వాత వ్యాప్తి, అంటే రంగు పక్కకు పాకిన దూరం, దాదాపు 29 మైక్రోమీటర్లు, 4 సెకన్లకు దానికి రెట్టింపు ఉండాలి. అయితే పై, కింది గోడల దగ్గర ద్రవం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి రంగు అక్కడ ఎక్కువ పక్కకు పాకుతుంది. సాధారణ మైక్రోస్కోప్ లోతంతా కలిపి చూపిస్తుంది, అందుకే కలయిక దగ్గర వ్యాప్తి లెక్క కన్నా ఎక్కువగా కనిపించవచ్చు. దాన్ని విడదీసి చూడాలంటే ఒక్కో లోతును విడిగా చూపే కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కావాలి.

రంగు వాడకూడదనుకుంటే వక్రీభవన గుణకంలో (ద్రవంలో కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) తేడాను కాంతి తరంగాల దశాభేదంగా, అంటే ఒకటి మరొకదాని కన్నా ఎంత వెనకబడిందో చూసి, పట్టే ఇంటర్ఫెరోమెట్రీ, డిజిటల్ హోలోగ్రఫీ ఉన్నాయి. 1 శాతం ఉప్పు నీటి వక్రీభవన గుణకాన్ని దాదాపు 0.0018 పెంచుతుంది. అదే 100 మైక్రోమీటర్ల లోతులో ఇది ఆకుపచ్చ లేజర్ తరంగదైర్ఘ్యంలో మూడో వంతు దశాభేదాన్ని ఇస్తుంది, హాయిగా కొలవవచ్చు. కానీ ఉష్ణోగ్రత 1 డిగ్రీ మారినా గుణకం సుమారు 0.0001 మారుతుంది. నానోమోలార్ స్థాయి ప్రోటీన్లకైతే ఆ మార్పు మరీ చిన్నది, ఈ దారి పనికిరాదు. దాదాపు అంతే అణుభారం ఉన్న ఫ్లోరెసెంట్ డెక్స్‌ట్రాన్‌ను (వెలిగే రంగు అతికించిన పొడవైన చక్కెర అణువు) వాటికి బదులుగా కలిపి చూడటమే మేలు.

ఇంతకీ మీ రెండో ప్రవేశద్వారంలోంచి వెళ్లేది బఫరా, ఉత్త నీరా? ఫ్లోరెసీన్ వెలుగు పీహెచ్ 7 కన్నా దిగితే గట్టిగా పడిపోతుంది. ఉత్త నీటిలో పీహెచ్ నిలకడగా ఉండదు, కాబట్టి అదైతే రెండు వైపులా ఒకే బఫర్ పెట్టి, ముందు నిండు చానెల్ ఫోటో తీయండి.