పోకెమాన్ రెడ్ మొదలుపెట్టిన చిన్నాకి

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్, అందులో పెట్టే పోకెమాన్ రెడ్ కార్ట్రిడ్జ్ కావలికి చేరాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బడి తెరిచేలోపు పూర్తి చేస్తానని పట్టు మీద ఉన్నావంట. చెయ్యొచ్చు. కాకపోతే ఇది 1996లో జపాన్‌లో, 1998లో అమెరికాలో వచ్చిన గేమ్. పోకెమాన్ అనే జీవుల్ని పట్టి, పెంచి, ఎదుటివాళ్ల వాటితో పోరాడించాలి. ఇప్పటి వాటి మాదిరి ఇటు పో, అటు పో అని దారి చూపించదు. ఒకసారి పోగొట్టుకుంటే మళ్లీ దొరకనివి ఇందులో చాలా ఉన్నాయి. అవి పోతాయని ముందుగా చెప్పనూ చెప్పదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక పరీక్ష చెయ్యి. కార్ట్రిడ్జ్ లోపల బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. నువ్వు సేవ్ చేసింది నిలిచేది దాని మీదే. కాసేపు ఆడి, సేవ్ చేసి, ఆపేసి, మర్నాడు పొద్దున చూడు. మెనూలో ‘కంటిన్యూ’ కనిపిస్తే సరే. ‘న్యూ గేమ్’ మాత్రమే ఉంటే ఆ బిళ్ల అయిపోయినట్టు. దాన్ని టంకం పెట్టి అతికించి ఉంటారు కాబట్టి, ఆ పని తెలిసినవాళ్ల చేతే మార్పించు. నాలుగు జిమ్‌లు (ఒక్కో నాయకుడితో తలపడే పోటీశాలలు) గెలిచాక ఈ సంగతి తెలిస్తే ఏడుపొస్తుంది. పెన్సిల్ సెల్లు నాలుగూ ఒకేసారి కొత్తవి వెయ్యి, పాతవాటితో కలపకు. పక్కనున్న ఎర్ర లైటు మసకబారితే ఆ నిమిషమే సేవ్ చెయ్యి. సేవ్ అవుతున్నప్పుడు మాత్రం స్విచ్ ముట్టుకోవద్దు. స్క్రీన్‌కి లోపల లైటు లేదు, కరెంటు పోయిన రాత్రి ఆట సాగదు. పగలు వెలుతురు భుజం మీదుగా పడేట్టు కూర్చో.

మొదటి పోకెమాన్‌గా గడ్డి రకం బల్బసార్‌ని తీసుకో. మొదటి జిమ్ బ్రాక్‌ది, రాతి రకం. రెండోది మిస్టీది, నీటి రకం. రెండింటి మీదా గడ్డి దెబ్బ బాగా తగులుతుంది. 13వ లెవెల్‌లో వైన్ విప్ అనే గడ్డి దెబ్బ వస్తుంది, బ్రాక్ దగ్గరున్న ఆనిక్స్ 14వ లెవెల్, అక్కడితో సరి. నిప్పు రకం చార్మాండరే కావాలని మనసు లాగితే తీసుకో, కానీ బ్రాక్ దగ్గర స్క్రాచ్ కొడుతూ కూర్చోకు. ఆనిక్స్‌కి డిఫెన్స్ (మామూలు దెబ్బల్ని తట్టుకునే బలం) ఎక్కువ, స్పెషల్ (నిప్పు, నీరు లాంటి దెబ్బల్ని తట్టుకునే బలం) చాలా తక్కువ. అందుకే రాతి మీద నిప్పు పనిచెయ్యదంటున్నా, ఎంబర్ అనే నిప్పు దెబ్బే స్క్రాచ్ కంటే గట్టిగా తగులుతుంది. విరిడియన్ అడవిలో కాటర్‌పీ దొరికితే వదలకు. రెడ్‌లో అది అరుదు, వీడిల్సే ఎక్కువగా ఎదురవుతాయి. కాటర్‌పీ 10కి బటర్‌ఫ్రీ అవుతుంది, 12కి కన్ఫ్యూజన్ అనే దెబ్బ నేర్చుకుంటుంది.

చాలామంది మొదటి పోకెమాన్‌నొక్కదాన్నే పెంచుకుంటూ పోతారు. మధ్యదాకా బ్రహ్మాండంగా సాగుతుంది, ఆ తర్వాత దానికి పడని రకం ఎదురైన చోట ఆగిపోతారు. నలుగురైదుగురిని సమంగా పెంచు. అందులో ఒకటి తప్పకుండా సైకిక్ (మనోశక్తి) రకం ఉండాలి. ఈ గేమ్‌లో ఆ రకానికి అడ్డే లేదు. దెయ్యం రకం దెబ్బలు సైకిక్ మీద అసలు పనిచెయ్యవు, పురుగు రకంలో గట్టి దెబ్బలు లేవు. సెరూలియన్ ఊరికి పైనున్న 24, 25 రూట్లలో ఆ రకం ఆబ్రా దొరుకుతుంది. కనిపించగానే టెలిపోర్ట్ అయి (మాయమై), చేతిలో రొయ్య జారినట్టు జారిపోతుంది. దాన్ని కొట్టాలని చూడకు, మొదటి టర్న్‌లోనే పోకెబాల్ (పోకెమాన్‌ని పట్టే బంతి) వెయ్యి. బాల్ గేమ్ డబ్బులో 200, పది కొనిపెట్టుకో. దానికి వచ్చిందల్లా టెలిపోర్టే కాబట్టి మొదట్లో పోరాడలేదు. దాన్ని వరుసలో ముందు పెట్టి, యుద్ధం మొదలవగానే ఇంకోదాన్ని దించు. లెవెల్ పెంచే పాయింట్లు ఇద్దరికీ వస్తాయి. 16కి కదాబ్రా అవుతుంది, అక్కడి నుంచి చూడు దాని జోరు.

ఎస్‌.ఎస్‌. యాన్ ఓడలో గదులన్నీ తిరిగి, వస్తువులన్నీ తీసుకున్నాకే కెప్టెన్ దగ్గరికి పో. అతనిచ్చే కట్ (అడ్డొచ్చే చెట్లు నరికే దెబ్బ) తీసుకుని దిగాక ఓడ వెళ్లిపోతుంది. కట్ లాంటి హెచ్‌ఎంలు (దారిలోనూ పనికొచ్చే దెబ్బలు) నేర్పితే ఈ గేమ్‌లో ఇక మరిపించలేవు. కట్, ఫ్లాష్ రెండూ బలం లేనివి, మంచి పోకెమాన్‌కి నేర్పి దాని నాలుగు దెబ్బల్లో ఒకటి పాడు చెయ్యకు. కట్ ఓ ఆడిష్‌కి ఇచ్చేసెయ్. నీళ్ల మీద పోనిచ్చే సర్ఫ్ అట్టా కాదు, నీటి రకానికి అది నిజంగా మంచి దెబ్బ. టీఎంలు (దెబ్బలు నేర్పే వస్తువులు) ఒక్కసారికే, వాడితే అయిపోయినట్టే.

వెర్మిలియన్ జిమ్‌లో చెత్తడబ్బాల్లో రెండు స్విచ్‌లు వెతకాలి. మొదటిది దొరికితే రెండోది దాని పక్క డబ్బాల్లోనే ఉంటుంది, తప్పితే రెండూ మారిపోతాయి. అక్కడి నాయకుడు సర్జ్‌వన్నీ కరెంటు రకం. ఊరి పక్క గుహలో డిగ్లెట్‌ని పట్టుకుపో. మట్టి రకం కాబట్టి కరెంటు దెబ్బ దానికి తగలనే తగలదు.

డబ్బు సంగతి. సూపర్ పోషన్ అనే మందు 700, నయం చేసేది 50 హెచ్‌పి (ప్రాణం). సెలడాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ మిద్దె మీద మెషీన్‌లో ఫ్రెష్ వాటర్ 200, అదీ 50 హెచ్‌పియే. లెమనేడ్ 350కి 80 హెచ్‌పి ఇస్తుంది. ఒక్కోటీ విడిగా కొనాలి, విసుగే, అయినా కొను. అక్కడున్న పిల్లకి ఒక ఫ్రెష్ వాటర్ ఇస్తే ఐస్ బీమ్ టీఎం ఇస్తుంది. సాఫ్రాన్ కాపలావాళ్లకీ దాహమే, ఈ మెషీన్ పానీయం ఏదైనా ఇస్తే దారి వదులుతారు. సిల్ఫ్ కంపెనీ ఏడో అంతస్తులో ఒకతను లాప్రస్ అనే పోకెమాన్‌ని ఊరికే ఇస్తాడు, మరిచిపోవద్దు. అప్పుడు జట్టులో చోటు ఉంచుకో.

ఫ్యూషియాలో పోకెమాన్లు పట్టుకునే సఫారీ జోన్‌కి 500 కట్టాలి, 500 అడుగులు, 30 బాల్స్. మొదటిసారి పట్టుకునే ఆశ పెట్టుకోకుండా నేరుగా చివరి ఇంటికి నడువు, సర్ఫ్ అక్కడే. దారిలో బంగారు పళ్లు దొరికితే వార్డెన్‌కి ఇవ్వు, స్ట్రెంగ్త్ అనే హెచ్‌ఎం ఇస్తాడు.

నిద్రపోయే స్నార్లాక్స్‌లు ఉన్నవి రెండే. ఆర్టికునో, జాప్డాస్, మోల్ట్రెస్ పక్షులు ఒక్కోటే. పొరపాటున పడగొడితే ఇక రావు. ఎదురెళ్లే ముందు సేవ్ చెయ్యి. జట్టులో పట్టనివాటిని దాచే పీసీలో బాక్స్‌కి 20 పోకెమాన్లే పడతాయి. జట్టులో ఆరుగురుండి బాక్స్ కూడా నిండితే బాల్ వెయ్యనివ్వదు, కాబట్టి ముందే బాక్స్ మార్చుకో. ప్రాణం తగ్గించి, నిద్రపుచ్చి, అప్పుడు వెయ్యి.

చివర్లో లోరలీ, బ్రూనో, అగాథా, లాన్స్ అనే నలుగురు గట్టి ఆటగాళ్లు, ఆపైన ఛాంపియన్, మధ్యలో ఆగి కొనుక్కునే వీలు లేదు. ఓడితే లోరలీ దగ్గర్నుంచి మళ్లీ మొదలు, చేతిలో డబ్బు సగం పోతుంది. 55 లెవెల్ దాటాకే పో. లోరలీకి కరెంటు, ఆమె జింక్స్‌కి నిప్పు. బ్రూనోకి సైకిక్, ఆనిక్స్‌లకి నీళ్లు. అగాథావన్నీ విషం కలిసినవే, సైకిక్ చాలు. లాన్స్ ముందు దించే గ్యారడాస్‌కి కరెంటు నాలుగింతలు, ఆఖరి డ్రాగనైట్ 62, దానికి ఐస్ బీమ్ నాలుగింతలు. ప్రాణమంతా నింపే ఫుల్ రిస్టోర్‌లు లోపలికి పోకముందు అక్కడి షాపులోనే అమ్ముతారు, ఒకటి 3000, ఛాంపియన్ కోసం కొన్ని దాచు.

దేన్నైనా తప్పక పట్టే మాస్టర్ బాల్ మాత్రం అప్పటిదాకా వాడొద్దు. ఛాంపియన్ ఓడాక సెరూలియన్ గుహ తెరుచుకుంటుంది, లోపల మ్యూటూ 70వ లెవెల్‌లో ఉంటుంది, ఆ బాల్ దానికి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న,
ఒంగోలు