సగంలో ఆగే చీల్పుడు యంత్రం

ప్రశ్న: ఇంటి పొయ్యి కట్టెలు చీల్చేందుకు చేత్తో పంపు కొట్టే హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే) యంత్రం తెచ్చుకున్నాము. ముడులున్న దుంగ పెడితే పిస్టన్ సగంలోనే ఆగిపోతోంది. లోపం యంత్రానిదేనా?

జవాబు: కాకపోవచ్చు. ముందుగా ఒత్తిడి వదిలే వాల్వు పూర్తిగా బిగిసిందో లేదో, నూనె మట్టం సరిపోయిందో చూడండి. చాలామంది మరిచిపోయేది గాలి మర, అంటే లోపలి గాలి బయటికి పోయేందుకు ఉండే స్క్రూ. పని మొదలుపెట్టే ముందు దానిని తయారీదారు సూచించిన మేరకు వదులు చేయకపోతే, లోపల చిక్కిన గాలి నొక్కుకుపోయి, నూనె కారకుండా ఆపే సీళ్లు దెబ్బతింటాయి. యంత్రం సవ్యంగా ఉంటే, దుంగ కొసలను చదునుగా కోసి, చీలిక నార వెంబడి, ముడికి పక్కగా పడేలా తిప్పి పెట్టండి. అప్పటికీ లొంగకపోతే, పిడికి పొడవాటి గొట్టం తొడిగి బలవంతంగా నొక్కే ప్రయత్నం మాత్రం చేయవద్దు. 10 టన్నుల బలంతో నొక్కే యంత్రమైనా దాని హద్దు దానిదే. అటువంటి మొండి దుంగను రంపంతో పొట్టిగా కోసుకోవడమే మేలు.