గడ్డివాము దగ్గర ఆగిపోకు

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. నీ వ్యాసం అందింది. విద్యార్థి పరిచర్య చరిత్ర మన భాషలో రాయాలని కూర్చునేవాళ్లు తక్కువ. అందుకే రెండుసార్లు చదివాను. ముప్పై పేజీల్లో "దేవుడు బలంగా వాడుకున్నాడు" అన్న మాట పందొమ్మిది చోట్ల ఉంది, ఎర్రసిరాతో గుర్తుపెట్టాను. సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ మాట చాలు. చరిత్ర రాసేవాడు మాత్రం ఎవరిని, ఏ ఊళ్లో, ఎవరి డబ్బుతో అన్నది కూడా చెప్పాలి కదా.

అందరిలాగే నువ్వూ గడ్డివాముతో మొదలుపెట్టావు. 1806 ఆగస్టు, అమెరికాలో విలియమ్స్ కాలేజీ, ఐదుగురు కుర్రాళ్లు, గాలివాన, ఆసియాకు మిషనరీలను పంపాలని గడ్డివాము చాటున ప్రార్థన. బాగుంది. కానీ ఆ చోటు ఇదేనని తేలింది 1854లో, ఆ ఐదుగురిలో ఒకడైన బైరమ్ గ్రీన్ పెద్దవాడై తిరిగొచ్చి చూపిస్తేనే. అంటే నలభై ఎనిమిదేళ్ల నాటి జ్ఞాపకం. నువ్వేమో మెరుపు ఏ దిక్కున మెరిసిందో కూడా రాశావు! పైగా వాళ్లంతా ఒక్క మాట మీద లేరు. మిషనరీలను పంపడానికి ఇంకా సమయం రాలేదన్నాడు హార్వీ లూమిస్. అతన్నెందుకు తీసేశావు? ఒకడు అడ్డం చెప్పాడని రాస్తే ప్రార్థన చిన్నబోతుందనుకున్నావా?

ఆ ఐదుగురిలో శామ్యూల్ మిల్స్ పేరు అందరూ చెబుతారు. ఆయన ఆసియాకు రానేలేదు. నేనైతే వాళ్లలోనే ఉన్న జేమ్స్ రిచర్డ్స్ వెంట వెళ్తాను. ఆయన సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వచ్చి, జాఫ్నా ప్రాంతంలో పనిచేసి, 1822లో అక్కడే కన్నుమూశాడు. ఇక ఎనభై ఏళ్లు ముందుకు రా. 1902లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే తిరునెల్వేలి యువకుడు, అప్పటికి వై.ఎం.సి.ఏ. అనే క్రైస్తవ యువజన సంఘం కార్యదర్శి, అదే జాఫ్నా వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు దొరల కోసం చూడకుండా తామే మిషనరీ పనికి పూనుకున్నారు. అది ఆయన్ను కుదిపేసింది. మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1904లో నిజాం ఏలుబడిలోని డోర్నకల్‌లో పని మొదలుపెట్టింది.

చూశావా, గడ్డివాము నుంచి మన డోర్నకల్ దాకా ఒక దారి కనిపిస్తోంది. చూడగానే నాకూ చేతులు దురదపెట్టాయి. అయినా రిచర్డ్స్ విత్తితే అజరయ్య కోశాడని మాత్రం ముడిపెట్టకు. మధ్యలో ఎనభై ఏళ్ల పంతుళ్లు, బళ్లు, జీతాల తగాదాలు ఉన్నాయి. దారి చూపించి ఊరుకో.

1886లో అమెరికాలో జరిగిన మౌంట్ హెర్మన్ విద్యార్థి సభ గురించి 251 మంది విద్యార్థులు, వారిలో వందమంది మిషనరీలుగా వెళ్తామన్నారు అని అంకెలు వేసి దాటిపోయావు. ఆ సభకు నిప్పు రాజేసిన రాబర్ట్ వైల్డర్ మన కొల్హాపూర్‌లో పుట్టినవాడన్న సంగతి బ్రాకెట్లో పడేశావు. పైకి తీసుకురా. అది మగపిల్లల సభ. దానికోసం ఇంట్లో వైల్డర్‌తో కలిసి ప్రార్థించిన తోబుట్టువు గ్రేస్ పేరు నీ దాంట్లో ఎక్కడా లేదు.

ఇది నేనూ చేసిన తప్పే. ఒకసారి ఒక సంఘం జూబిలీ సంచికకు చరిత్ర రాశాను. దొరల ఫొటోలు, రాక తేదీలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ సంచిక పట్టుకొచ్చి, "మా నాయన పేరేదయ్యా?" అంది. వాళ్ల నాయన ఉపదేశి. పగలు కూలికెళ్లి రాత్రి బడి నడిపినవాడట. నాకు ఆ పేరే తెలియదు. ఎవర్నీ అడగనూ లేదు.

ఇక 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభ. "మాకు స్నేహితులను ఇవ్వండి" అన్న అజరయ్య మాటను చివర్లో అలంకారంగా పెట్టావు. దానికి ముందున్నది కూడా చదువు. మీరు బీదలకు ఆస్తి ఇచ్చారు, కాల్చబడటానికి శరీరాలు అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం అన్నాడాయన. "ప్రేమలేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు" అని మనం చిన్నప్పుడు కంఠతా పట్టిన 1 కొరింథీ 13 అది! త్యాగాలు చేసిన పెద్దలతో నిండిన సభలో, వాళ్లు బోధించే వాక్యంతోనే వాళ్లను నిలదీశాడు. చాలామందికి నచ్చలేదు కూడా. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. నీ వ్యాసంలో ఎక్కువ పేజీలు ఈ రెండేళ్లకు ఇవ్వు.

రాసే ముందు ఒకసారి డోర్నకల్ వెళ్లిరా. 1939లో ప్రతిష్ఠించిన ఆ దేవాలయం ముందు ఫొటో దిగడం తర్వాత సంగతి. తిరునెల్వేలి నుంచి వచ్చి దిగిన తమిళులకు తెలుగు ఎవరు నేర్పారో, ఆ ఊళ్లో మొదట వాళ్లకు మంచినీళ్లు ఎవరిచ్చారో పాత కుటుంబాలవాళ్లను అడుగు. పేర్లు దొరికితే కార్డు రాయి. వ్యాసం తర్వాత చూద్దాం.

నీ అన్నయ్య