కయ్యానికి కాలుదువ్వే మనిషిని ఏ మాటతో పిలవాలి?

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. మీ అపార్టుమెంటు సంఘం కార్యదర్శి గురించి రాసిన రెండో పేరాలో "ఆయన చాలా కయ్యాలమారి, జగడాలమారి, గొడవల మనిషి" అని ఒకే వాక్యంలో మూడు విశేషణాలు పేర్చావు. మూడూ మంచి మాటలే గానీ, మూడూ చదివాక కూడా ఆ మనిషి నా కళ్ల ముందుకు రాలేదు. పోట్లాడే స్వభావం గలవాళ్లను వర్ణించడానికి తెలుగులో మాటల కరువు లేదు. నిఘంటువులో చూస్తే అన్నిటికీ ఒకటే అర్థం ఉన్నట్టు అనిపిస్తుంది. వాడుకలో మాత్రం ఒక్కొక్కటి ఒక్కో రకం మనిషికి అతుకుతుంది. అందుకే మాట కోసం వెతకబోయే ముందు, ఆ మనిషి పెట్టుకునే గొడవ ఎలాంటిదో నువ్వు తేల్చుకోవాలి.

ముక్కోపికి కోపం ఇట్టే వస్తుంది, అంతే త్వరగా పోతుంది. గొడవ కోసం అతను ఎదురుచూడడు. దురుసు మనిషి మాట తీరే మొరటు, మనసులో కయ్యం ఉండాలని లేదు. పేచీకోరు వేరు: అందరూ ఒప్పుకొన్న విషయానికి చివరి నిమిషంలో మెలిక పెట్టేవాడు, గొంతు పెంచకుండానే పని ఆపగలిగేవాడు. జగడాలమారి ఎవరితోనైనా, దేనికైనా దిగుతాడు. ఇక తంపులమారి తాను పోట్లాడడు, ఇద్దరి మధ్య తగవు పెట్టి పక్కకు తప్పుకొంటాడు. ఈ చివరి తేడాను చాలామంది పట్టించుకోరు. అక్కడి మాట ఇక్కడా ఇక్కడి మాట అక్కడా చేరవేసే మనిషిని జగడాలమారి అని రాస్తే, అతను చేసిన అసలు పని పాఠకుడికి తెలియకుండా పోతుంది.

వీటన్నిటిలోనూ నాకు ఇష్టమైనది "కయ్యానికి కాలుదువ్వే" అన్న ప్రయోగం. ఆంబోతు కుమ్మబోయే ముందు తల వంచి ముందుకాలితో నేలను గీరుతుంది. ఇంకా దెబ్బ పడలేదు, కానీ పడబోతోందని చూసేవాళ్లకు తెలిసిపోతుంది. అందువల్ల ఈ మాట గొడవ మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నవాడికే సరిపోతుంది. ఎదుటివాడు మీద పడితే తిరగబడినవాడిని కాలుదువ్వాడని రాయడం అన్యాయం. పొరుగు దేశాల మధ్య ఉద్రిక్తత తలెత్తినప్పుడల్లా పత్రికలు దీన్నే శీర్షికలకు ఎక్కించడం వల్ల పదును కొంత తగ్గిన మాట నిజమే. అయినా దేశాలకు కాక ఒక మనిషికి, అతను కుర్చీ ముందుకు జరుపుకొని చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్న క్షణంలో వాడి చూడు, మాటలో బొమ్మ మళ్లీ కనిపిస్తుంది.

సంస్కృత పదాల జోలికి వెళ్లేటప్పుడు కొంచెం నిదానించు. కలహప్రియుడు, కలహభోజనుడు అన్న మాటలు వినగానే నారదుడు గుర్తుకొస్తాడు. ఆయన పెట్టే తగవులు చివరికి ఏదో ఒక మేలుకే దారి తీస్తాయని కథలు విన్నవాళ్లకు తెలుసు కనుక ఆ మాటలతో పాటు చిన్న నవ్వు కూడా వస్తుంది. హాస్యానికి అవి బాగుంటాయి. నిజంగా పదిమందిని ఏడిపించే మనిషికి వాడితే అతని తప్పు తేలికైపోతుంది. యుద్ధం చేయగోరేవాడు అనడానికి యుయుత్సువు అనే చక్కని మాట ఉంది. భగవద్గీత మొదటి శ్లోకంలో కురుక్షేత్రంలో గుమిగూడిన వాళ్లను చెప్పిన మాట అదే. చిత్రమేమిటంటే, ఇంచుమించు ఆ పేరే పెట్టుకున్న ధృతరాష్ట్రుడి కొడుకు యుయుత్సుడు, యుద్ధం మొదలవబోయే ముందు కౌరవులను విడిచి పాండవుల పక్షాన చేరాడు. మాట ఎంత అందమైనదైనా, రోజువారీ రాతలో దాన్ని పెడితే పాఠకుడు మనిషిని వదిలేసి అర్థం వెతుక్కుంటాడు.

గయ్యాళి అన్న మాటను మాత్రం వీలైనంత దూరంగా ఉంచమంటాను. వాడుకలో అది ఆడవాళ్లకే అంటగట్టిన మాట. అదే నోరు మగవాడిదైతే ముక్కుసూటి మనిషి అనో, గట్టిపిండం అనో మెచ్చుకోలుగా రాసేస్తాం. పైగా సూర్యకాంతం గారు తెరమీద ఆ పాత్రలకు ఎంతగా ప్రాణం పోశారంటే, గయ్యాళి అనగానే పాఠకుడికి ఆవిడే కనిపిస్తుంది. నువ్వు రాస్తున్న మనిషి ఆ వెనకాల ఎక్కడో మరుగున పడిపోతుంది.

ఇప్పుడు నీ కార్యదర్శి దగ్గరికి వద్దాం. అదే వ్యాసంలో నాలుగో పేరాలో, ఎవరూ గమనించరనుకున్నావేమో గానీ, ఒక మంచి వాక్యం ఉంది: సమావేశం కాగితం చేతికి రాగానే ఆయన కళ్లజోడు సవరించుకుని, అధ్యక్షుడు కూర్చునేదాకా కూడా ఆగకుండా, "ఇది ఎవరు రాశారు?" అని అడుగుతాడన్నావు. ఆ వాక్యాన్ని రెండో పేరాలోకి తెచ్చి, మూడు విశేషణాలనూ కొట్టేసి, దాని తరవాత "ఆయన పేచీకోరు" అని ఒక్క మాట రాయి. చేసిన పని ముందు కనిపిస్తే విశేషణం పాఠకుడి నోటి నుంచి వచ్చినట్టే ఉంటుంది. "చాలా" అన్నది కూడా తీసెయ్యి. ఇంత కారం ఉన్న మాటకు అది బలమివ్వకపోగా ఉన్న ఘాటును చప్పబరుస్తుంది. "కాస్త పేచీకోరు" అన్నావంటే మాత్రం మందలింపులో చనువు కలుస్తుంది. ఆయన మీద నీకు లోపల్లోపల అభిమానం ఉంటే అలాగే రాయి.

ఆఫీసు ఉత్తరాల్లోనూ ఫిర్యాదుల్లోనూ ఇవేవీ పనికిరావు. అక్కడ ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు అన్నంతవరకు రాసి ఆపాలి. తగాదాకోరు అని నువ్వే తీర్పు రాసిపెడితే, చదివే అధికారికి ముందుగా నీ మీదే అనుమానం వస్తుంది.

చివరిగా, మూడో అంతస్తులో అద్దెకుండే ఆవిడ గురించి. నీటి ఖర్చు లెక్కలు చూపించమని ప్రతి సమావేశంలోనూ అడుగుతుందని రాసి, ఆవిడను కూడా కార్యదర్శి గాటనే కట్టి "ఇద్దరూ ఇద్దరే, కలహశీలులు" అన్నావు. ఆయన సాగుతున్న పనిని ఆపడానికి లేస్తున్నాడు, ఆవిడ తనకు రావలసిన జవాబు కోసం లేస్తోంది. ఒకే విషయాన్ని మళ్లీ మళ్లీ అడిగినంత మాత్రాన కలహశీలి అయిపోరు. లెక్కలు చూపించిన తరవాత కూడా అడిగితే అప్పుడు ఆలోచిద్దాం. నీ వ్యాసంలో ఎక్కడా ఆ లెక్కలు చూపించినట్టు లేదు. ఆవిడకు ఏ విశేషణమూ పెట్టకుండా, ఆవిడ అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు కొటేషన్లలో రాసి, రెండో పేరాతో పాటు ఆ భాగం కూడా నాకు మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న