టెక్ సందేహాలు: తప్పు గొంతుదా, ఫోన్‌దా?

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాటల గురించే. ఇంట్లో పాడి, ఫోన్‌లో రికార్డు చేసి, గ్రూపులో పెట్టి, ఎవరేమంటారో అని ఎదురుచూసేవాళ్ళు రాసినవి. వీళ్ళలో చాలామందికి దగ్గర్లో తెలుగు పాట నేర్పేవాళ్ళు లేరు. గ్రూపులో వినబడే ఆ నాలుగు మాటలే వాళ్ళకు పాఠం. ఫోన్ వల్ల వచ్చిన తప్పును గొంతు మీద వేస్తే, పాడే మనిషి పాడటమే మానేస్తారు. కాబట్టి ఏ తప్పు ఎక్కడిదో ముందు తేల్చుకుందాం.

ట్రాక్ పెట్టుకుని పాడితే తాళం తప్పుతున్నానని అందరూ అంటున్నారు. ట్రాక్ లేకుండా, చేత్తో తాళం వేసుకుంటూ పాడితే బాగానే ఉంటోంది. నేను వాడేది బ్లూటూత్ ఇయర్‌బడ్స్.
— ఒక గృహిణి, పర్లాకిమిడి

అమ్మా, మీ తాళంలో లోపం లేదు. చేత్తో తాళం వేసుకుంటే సరిగ్గా వస్తోందన్న మాటలోనే జవాబు ఉంది. బ్లూటూత్‌లో సంగీతం చెవికి చేరడానికి సాధారణంగా 100 నుంచి 300 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. మీరు విన్నదాని ప్రకారం సరిగ్గానే పాడతారు. కానీ యాప్ మీ గొంతును అసలు ట్రాక్ పక్కన పెడుతుంది కాబట్టి అంత వెనకబడి వినిపిస్తుంది. 200 మిల్లీసెకన్లంటే, శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుందన్న లెక్కన, దాదాపు 70 మీటర్ల అవతల వాయిస్తున్న మృదంగాన్ని వింటూ పాడినట్టు. నిమిషానికి 100 దెబ్బల వేగంలో అది మూడో వంతు దెబ్బ. ఎంత తాళజ్ఞానం ఉన్నా దాన్ని దాటలేరు.

వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. అప్పటికీ కొంచెం తేడా మిగిలితే, మెట్రోనోమ్ (సమానంగా టిక్ టిక్ మనే తాళపు యాప్) వింటూ మైకు దగ్గర వేలితో దెబ్బలు వేసి రికార్డు చేయండి. తెరమీద మెట్రోనోమ్ దెబ్బ, మీ వేలి దెబ్బ గీతల శిఖరాల మధ్య ఎంత ఖాళీ ఉందో చూసి, గొంతు ట్రాక్‌ను అంతే ఎడమకు, అంటే పాట మొదలు వైపుకు జరపండి. కంప్యూటర్ ఉంటే ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో ఈ పని సులువు.

ఇంకో మాట. ఇయర్‌బడ్స్‌కి ఉండే మైకుతో పాట రికార్డు చేయకండి. ఆ మైకు పనిచేసేటప్పుడు చాలా బ్లూటూత్ సెట్లు ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతాయి. అందులో పై పౌనఃపున్యాలు (సన్నని, ఎత్తు శబ్దాలు) తెగిపోయి స, శ అక్షరాలు మొద్దుబారతాయి. దాన్ని విని "ఉచ్చారణ స్పష్టంగా లేదు" అంటారు. మీకు ఆ మాట కూడా పడే ఉంటుంది.

అన్నా, భజన పాటలు పాడతాను. రికార్డింగు వింటే బావిలోంచి పాడినట్టుంది. ఐదు వేలు పెట్టి కండెన్సర్ మైకు కొంటే బాగవుతదా?
— ఒక యువకుడు, సిరొంచ

ఇప్పుడే కొనొద్దు తమ్ముడూ. కండెన్సర్ మైకు సున్నితమైనది. గది ఎలా ఉంటే అలా పట్టుకుంటుంది, రోడ్డు మీద ట్రాక్టరుతో సహా. ఖాళీ గదిలో ఆ మైకు పెడితే బావి ఇంకా లోతుగా వినిపిస్తుంది.

ముందు గదిలో గట్టిగా ఒక చప్పట కొట్టి వినండి. వెనకాల సన్నగా మోగుతూ సాగితే దోషం సిమెంటు గోడలది. మీరు నిలబడే చోట వెనకా, రెండు పక్కలా మందపాటి బొంతలు, దుప్పట్లు వేలాడదీయండి. పరుపును గోడకు నిలబెట్టండి. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు పాడినా తేడా తెలుస్తుంది. గుడ్ల అట్టలు గోడకు అతికిస్తే చాలని వీడియోల్లో చెబుతుంటారు. అవి పలచన, ఎత్తు స్వరాలను కాస్త తగ్గించడం తప్ప పెద్దగా ఏమీ చేయవు. ఆ శ్రమ మీకొద్దు.

తర్వాత దూరం. చాలా ఫోన్లలో ప్రధాన మైకు కింద ఛార్జింగు రంధ్రం పక్కన ఉంటుంది, చేత్తో మూయకండి. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ప, భ పలికినప్పుడు వచ్చే గాలి నేరుగా తగలదు. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డీబీ (డెసిబెల్, శబ్దాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది, గది మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది. బావి అనుభవానికి సగం కారణం ఇదే. శబ్దం ఎంత పడుతోందో చూపే మీటరులో మీ గట్టి స్వరం మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఉండాలి. సున్నాను తాకి పగిలిన స్వరాన్ని తర్వాత బాగుచేయడం చాలా కష్టం. ఫైలు రకం వేవ్ (WAV) ఎంచుకోండి. శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించే సెట్టింగు, రొద తగ్గించే సెట్టింగు ఆపేయండి. అవి ఆన్‌లో ఉంటే మీరు మెల్లగా పాడిన చోట శబ్దం ఉబ్బుతుంది, సాగదీసిన స్వరం చివర తెగిపోతుంది.

ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. తెల్లవారుజామున, ఒక్కో చరణం విడివిడిగా పాడండి. ఇవన్నీ చేశాక కూడా మైకు కావాలనిపిస్తే, బాగుచేయని గదికి, దగ్గరి శబ్దాన్నే ఎక్కువగా పట్టుకునే డైనమిక్ మైకు మేలు. ఆ ధరలో ఫోన్‌కు తగిలించే వైరు కూడా అడిగి తీసుకోండి.

పై స్థాయికి వెళ్తే గొంతు చీలుతోంది. మైకు మారిస్తే పోతుందా?
— ఒక ఉపాధ్యాయురాలు, కిన్వట్

పోదండీ. ఇది శ్రుతికి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరానికి సంబంధించినది. మగ గాయకులు ఒకటి, రెండు శ్రుతుల్లో (హార్మోనియం మీద సి, డి), ఆడవాళ్ళు ఐదు, ఆరు శ్రుతుల్లో (జి, ఎ) పాడటం మామూలు. మీకు దొరికే ట్రాక్ ఇంకెవరి గొంతుకో కట్టింది. ట్రాక్ వేగం మారకుండా శ్రుతిని రెండు మూడు అరస్వరాలు దించే సదుపాయం ఆడాసిటీలోనూ చాలా కరోకే యాప్‌లలోనూ ఉంది. దించి పాడండి. పై స్వరం కోసం గడ్డం ఎత్తకండి, భుజాలు పైకి లాగి ఊపిరి తీయకండి. గ్లాసు నీళ్ళలో స్ట్రా కొద్దిగా ముంచి, బుడగలు తేలుతుండగా సన్నగా ఊ అంటూ స్వరం పైకీ కిందికీ జరపడం మంచి సాధన. బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవండి.

మా పాటల గ్రూపులో ఎవరు పాడినా "సూపర్" అంటారు. నిజం చెబితే అలుగుతారు. ఎలా చెప్పాలి?
— ఒక గ్రూపు నిర్వాహకుడు, బరంపురం

సూపర్ అన్నా, బాలేదు అన్నా పాడినవాళ్ళకు పని దొరకదు. గ్రూపులో ఒక పద్ధతి పెట్టండి. సలహా కావాలనుకున్నవాళ్ళు ట్రాక్ లేకుండా, ప్రతిధ్వని కలపకుండా, తంబూరా యాప్ మాత్రం చెవిలో వింటూ అర నిమిషం పాడి పంపాలి. అదీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా వద్దు, డాక్యుమెంటుగా. వాయిస్ మెసేజ్‌లో శబ్దాన్ని బాగా కుదిస్తారు.

మీరు ఇయర్‌ఫోన్స్‌తో రెండుసార్లు వినండి. మొదటిసారి గది, దూరం, పగుళ్ళు. రెండోసారి గొంతు. చెప్పేటప్పుడు సెకన్లతో సహా చెప్పండి: "0:22 దగ్గర మధ్యమం నుంచి పంచమానికి పోయేటప్పుడు శ్రుతి కొంచెం కిందికి జారింది. అంతకుముందు ఊపిరి తీసుకుంటే నిలుస్తుంది." ఒకసారికి ఒక్క దోషం, దానికొక మార్గం. బాగున్న చోటు కూడా సెకన్లతోనే చెప్పండి, అప్పుడు నమ్ముతారు. స్వరాన్ని గీతగా చూపే యాప్‌లు పనికొస్తాయి గానీ, స్వరాన్ని ఊపుతూ పలికే గమకం అందులో వంకరగా కనిపిస్తుంది. దాన్ని తప్పని కొట్టేయకండి. గీత నిలవాల్సింది నిలిపి పాడే స్వరంలో.

మీ ఊరి పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. ఒడియా మీడియంలో చదివేవాళ్ళు పాటను ఒడియా లిపిలో రాసుకుంటారు. మహారాష్ట్ర వైపు పిల్లలు దేవనాగరిలో రాసుకుంటారు. మామూలుగా రాసేటప్పుడు ఈ రెండు లిపుల్లోనూ ఎ, ఏలకు, ఒ, ఓలకు తేడా చూపరు. మెడ మేడవుతుంది, కోన కొనవుతుంది, దానితోపాటు తాళంలో అక్షరం పొడవూ మారుతుంది. "నీ తెలుగు బాలేదు" అని పిల్లల్ని నొప్పించకండి. సాగదీయాల్సిన అచ్చు మీద పెన్సిలుతో ఒక గీత పెట్టించండి, సరిపోతుంది.

పిచ్ కరెక్షన్ వాడటం మోసమా?
— ఒక విద్యార్థి, చంద్రపూర్

కాదు. తప్పిన స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్‌గా 1997లో వచ్చిన ఆటో-ట్యూన్‌ను ఇప్పుడు స్టూడియోల్లో మామూలుగానే వాడుతున్నారు. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ కోసం భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనులను విశ్లేషించేవారు. మన పాటలకు వాడేటప్పుడు రాగానికి తగ్గ స్వరాలనే ఎంచి, సరిచేసే వేగం బాగా తగ్గించండి. లేకపోతే గమకాలను మెట్లు మెట్లుగా విరిచేస్తుంది. ముందుగా అసలు ఫైలును వేరే ఫోల్డరులో దాచి, కాపీ మీదే మార్పులు చేయండి. సలహా అడిగేటప్పుడు ఆ అసలు ఫైలే పంపండి.