మార్కులు అంతంతమాత్రం... మరి కాలేజీ ఎలా వెతకాలి?

ప్రశ్న: మా బాబు ఈ ఏడాది ఎంపీసీ పాసయ్యాడు. వెయ్యికి 642 వచ్చాయి, ఎప్‌సెట్‌లో 68 వేల ర్యాంకు. మేం బీసీలం. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్స్ సీటు ఇప్పిస్తానని ఒకతను రోజూ ఫోన్ చేస్తున్నాడు. డొనేషన్ ఎనిమిది లక్షలట. మావారు ప్లాటు అమ్మైనా చేర్పిద్దాం అంటున్నారు. మా తోటికోడలి కొడుక్కి మంచి ర్యాంకు వచ్చింది, అప్పట్నుంచి ఇంట్లో రోజూ అదే మాట. బాబును అడిగితే "మీ ఇష్టం, ఏదో ఒకటి పెట్టండి" అంటాడు, గదిలోంచి బయటికి రావడం తగ్గించాడు. చెడ్డవాడు కాదండీ, మా వీధి వినాయకుడి చందా లెక్కలు రెండేళ్లుగా వాడే రాస్తున్నాడు, పైసా తేడా రాదని అందరూ అంటారు. చదువు దగ్గరే ఇలా. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ చేసేవాడి సంగతి తేల్చేద్దాం. డొనేషన్ తీసుకోవడం మన దగ్గర 1983 నుంచే చట్టప్రకారం నేరం. అందుకే దానికి రసీదు ఇవ్వరు, రేపు సీటు రాకపోయినా బాబు మానేసినా ఆ డబ్బు అడగడానికి మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు. పైగా మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రాదు. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో వచ్చిన సీట్లో చేరి, ఆదాయ పరిమితి లోపు ఉంటేనే వస్తుంది. అదైనా బీసీ పిల్లలకు పది వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు, ఆపైన ర్యాంకులకు సాధారణంగా ఏడాదికి 35 వేల వరకే, మిగతాది మనమే కట్టుకోవాలి. ఈ లెక్కంతా ఒక కాగితం మీద నాలుగేళ్లకూ వేసి, హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు కలిపి మీవారి ముందు పెట్టండి. ప్లాటు అమ్మాలా వద్దా అన్నది ఆ కాగితం చూశాక మాట్లాడుకోవచ్చు. ఫోన్‌లో వచ్చిన తొందర మీద మాత్రం వద్దు.

ఇక బాబు. "మీ ఇష్టం" అన్నాడంటే వాడికి ఇష్టాయిష్టాలు లేవని కాదమ్మా, ఏం చెప్పినా తన మార్కుల దగ్గరికే తిరిగి వస్తుందని వాడికి అర్థమైపోయింది, అందుకే నోరు మెదపడం లేదు. మార్కులు వచ్చేశాయి. వాటి మీద ఇంట్లో ఎంత మాట్లాడినా ఒక్క మార్కు పెరగదు. తోటికోడలి కొడుకు ప్రస్తావన ఇవాళ్టి నుంచి బంద్ చేయండి, మీవారితో కూడా చేయించండి, అత్తగారు ఎత్తినా మీరే మాట మార్చండి. కష్టమే, తెలుసు. కానీ ఇది జరగకుండా వాడు నోరు విప్పడు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తిండి, నిద్ర తగ్గాయా, "నేను దేనికీ పనికిరాను", "నేను లేకపోతేనే నయం" లాంటి మాటలు వస్తున్నాయా గమనించండి. వస్తుంటే కాలేజీ సంగతి తర్వాత, ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. వాణ్ని ఒంటరిగా వదలకండి, దగ్గర్లో డాక్టర్‌కు చూపించండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చందా లెక్కల సంగతి మీరు మాటవరసకు రాశారు గానీ, ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది అదే. వీధిలో పదిమంది డబ్బుకు లెక్క రాసి, ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత బాకీ, డీజేకి ఎంత, పూలకు ఎంత అని రెండేళ్లు తేడా రాకుండా చూసుకోవడమంటే ఓపిక ఉండాలి, నలుగురితో మాట పడకుండా నెగ్గుకురావాలి. దాన్నిబట్టి వాడు సీఏ అయిపోతాడని నేను చెప్పను. కానీ బీకామ్ అనే మాట మీ ఇంట్లో ఇంతవరకు ఎవరైనా అన్నారా? ఎంపీసీ చదివిన పిల్లలు బీకామ్‌లో చేరవచ్చు. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉంది కాబట్టి తర్వాత ఐసెట్ రాసి ఎంబీఏకో ఎంసీఏకో వెళ్లే దారీ ఉంటుంది. ఇంజినీరింగే కావాలని వాడే అంటే అదీ చదవనివ్వండి, నేను కాదనను. కానీ అడిగేటప్పుడు "ఏం చదువుతావ్" అని కాకుండా, "ఇంటర్‌లో ఏ క్లాసులో టైమ్ తెలియకుండా కూర్చున్నావ్, ఏ క్లాసులో గడియారం చూశావ్" అని అడగండి. నాన్న లేనప్పుడు, బండి మీద ఎక్కడికైనా వెళ్తూ అడిగితే ఇంకా మంచిది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలకు అది ఎంక్వైరీలా ఉంటుంది.

రెండు దారులూ తెరిచే ఉంచండి. డిగ్రీ కాలేజీల్లో చేరడానికి దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్లు, ఇంజినీరింగ్‌కు ఎప్‌సెట్ కౌన్సెలింగ్, రెండూ వేర్వేరు, ఒకదాని కోసం ఇంకొకటి ఆపక్కర్లేదు. దోస్త్‌లో ఇంటర్ మార్కుల మీదే సీటు ఇస్తారు. ఆధార్‌కు లింకైన మొబైల్ నంబరు చేతిలో ఉండాలి. చాలా ఇళ్లలో ఆధార్‌కు నాన్న పాత నంబరు ఉంటుంది, ఆ సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది, చివరి రోజున ఓటీపీ రాక మీసేవ చుట్టూ తిరుగుతారు. ఇవాళే చూసుకోండి. మీ ఊళ్లోనే ఎస్‌ఆర్‌ఆర్ ప్రభుత్వ కాలేజీ ఉంది, దాన్నీ చూడండి. ఫీజు తక్కువ కాబట్టి చదువు తక్కువ అనుకోకండి.

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల దగ్గర చాలామంది తల్లిదండ్రులు దెబ్బతింటున్నారు. నెట్ సెంటర్ అతనికి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేసి "ఒక యాభై పెట్టు అన్నా" అని వచ్చేస్తారు. అలా చేయొద్దు. ఆప్షన్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు గానీ వరుసే ముఖ్యం. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు పైనుంచి చూసుకుంటూ వచ్చి ఎక్కడ సీటు ఖాళీ ఉంటే ఆ సీటును కంప్యూటర్ మీకు రాసేస్తుంది. కాబట్టి చేరడం ఇష్టం లేని కాలేజీ జాబితాలో అసలు ఉండకూడదు. రెండో విడతలో ఇంకో సీటు వస్తే మొదటిది పోతుంది, అప్పుడు చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవే పెట్టాలి. నిరుటి చివరి ర్యాంకులు కాలేజీ, బ్రాంచి, కేటగిరీ వారీగా అధికారిక వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. వాటిని దగ్గర పెట్టుకుని బాబు కంప్యూటర్ ముందు కూర్చోవాలి, మీరు పక్కన కాగితం పెన్ను పట్టుకోవాలి. వరుస వాడు చెప్పాలి. సేవ్ చేశాక ప్రింటు తీసుకోండి. సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నామని వెబ్‌సైట్‌లో తెలపడం) చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది, ఆ తేదీలు గుర్తుంచుకునే బాధ్యత మీరు తీసుకోండి.

కాలేజీకి వెళ్లి చూడకుండా ఆప్షన్ పెట్టకండి. టాపర్ పిల్లలు ఎక్కడ వేసినా సొంతంగా చదువుకుంటారు, మనలాంటి పిల్లలకే పాఠం చెప్పే మనిషి, వెనకబడితే గమనించే మనిషి కావాలి. అందుకే మార్కులు తక్కువున్న పిల్లాడికి కాలేజీ ఎంపిక ఇంకా జాగ్రత్తగా జరగాలి, కానీ మన దగ్గర సరిగ్గా వాళ్లకే "ఏదో ఒకటి" అని కానిచ్చేస్తున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఆదివారం కాకుండా పనిదినాన, ఉదయం పదకొండు ప్రాంతంలో వెళ్లండి. బ్రోచర్ చూపిస్తారు, చూడండి, ఆ తర్వాత ల్యాబ్ చూపించమనండి. బల్లల మీద వైర్లు వాడి వాడి నలిగి ఉన్నాయా, పరికరాల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉందా, తాళం ఎవరి దగ్గరుందో వెతకడానికే పావుగంట పట్టిందా, ఇవి చూస్తే మీకే తెలుస్తుంది. తర్వాత బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర సెకండియర్ పిల్లల్ని పట్టుకోండి. నిన్న ఎన్ని క్లాసులు జరిగాయి, పోయిన సెమిస్టర్‌లో చెప్పిన సార్లు ఇంకా ఉన్నారా, క్లాసులో బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్లను ఎవరైనా పట్టించుకుంటారా అని అడగండి. బాబునే అడగనివ్వండి, వాళ్లు వాడితో నిజం చెబుతారు. ప్లేస్‌మెంట్ బోర్డు మీద పెద్ద జీతం ఒకటి ఉంటుంది, అది వదిలేసి ఈ బ్రాంచిలో పోయినేడాది ఎంతమంది పాసై ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో అడగండి. కోర్సుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇస్తారు, మీరు చేరే బ్రాంచికి ఉందో లేదో చూడండి. నాసిరకం కాలేజీలో సీఎస్‌ఈ కంటే పాఠాలు సరిగా జరిగే కాలేజీలో ట్రిపుల్‌ఈ, సివిల్ ఎంతో నయమని నా అభిప్రాయం, అదీ బాబుకు ఆసక్తి ఉంటేనే.

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ, 618 మార్కులు. నీట్‌లో సీటు వచ్చే పరిస్థితి లేదు. మళ్లీ నీట్ రాయడానికి లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపిస్తానంటే ఏడుస్తోంది. "నాకు డాక్టర్ వద్దు నాన్నా, ఆక్వా కోర్సు చేస్తాను" అంటోంది. నాకు రెండెకరాల రొయ్యల చెరువు ఉంది, అందులో కష్టం, నష్టం నాకు తెలుసు. ఆడపిల్లను మళ్లీ ఆ గట్టు మీదికే పంపాలా?
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు వచ్చి పంట పోయిన రాత్రులు చూసిన మనిషిగా మీ భయం నాకు అర్థమైంది. కానీ అమ్మాయి అడుగుతున్నది గట్టు మీద పని కాకపోవచ్చు. మీరు సీడ్ (రొయ్య పిల్లలు) వేసే ముందు వాటికి తెగులుందో లేదో చూసే పీసీఆర్ టెస్టుకు ఇస్తారు కదా, నీళ్ల శాంపిల్ పట్టుకెళ్తారు కదా, అక్కడ కూర్చుని టెస్టు చేసేవాళ్లు ఈ చదువులే చదివారు. హేచరీల్లో, మేత కంపెనీల్లో, ప్రాసెసింగ్ ప్లాంట్ల క్వాలిటీ ల్యాబుల్లో వీళ్ల అవసరం ఉంటుంది. దేశంలో రొయ్యలు ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, మీ ఊరు దాని నడిబొడ్డున ఉంది. ఇంకో ఊరి పిల్లకు లేని వీలు మీ అమ్మాయికి ఉంది. ఈసారి శాంపిల్ ఇవ్వడానికి వెళ్లేటప్పుడు తనను కూడా తీసుకెళ్లి, ల్యాబు వాళ్లను అడిగి ఒక పూట అక్కడ కూర్చోబెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా అదే మాట అంటే, పిల్ల ఊరికే అనడం లేదన్నమాట.

చేరే దారులు రెండు. బీఎఫ్ఎస్సీ అనే నాలుగేళ్ల ఫిషరీస్ డిగ్రీకి ఏపీ ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ర్యాంకు కావాలి. నెల్లూరు దగ్గర ముత్తుకూరు కాలేజీ దీనికి పేరున్నది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, అయినా పరీక్ష రాసి ఉంటే కౌన్సెలింగ్‌కు తప్పకుండా వెళ్లండి. ఏపీలో ర్యాంకుకు ఇంటర్ మార్కులు 25 శాతం కలుపుతారు కాబట్టి 618తో వెనకబడే మాట నిజమే, అది తనకు ముందే చెప్పండి. రెండోది ఆక్వాకల్చర్ గానీ మైక్రోబయాలజీ గానీ ఉన్న బీఎస్సీ. ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్లలో పెట్టేముందు ఏ కాలేజీలో ఆ సబ్జెక్టు మేజర్‌గా ఉందో చూసి, ప్రాక్టికల్స్ నిజంగా జరుగుతాయో లేదో వెళ్లి కనుక్కోండి.

లాంగ్‌టర్మ్ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పిల్ల అడిగితే పంపండి, ఏడుస్తుంటే పంపకండి.

ప్రశ్న: నాకు ఇంటర్‌లో 610 వచ్చాయి. మా నాన్న చుట్టాలకు, ఆఫీసులో వాళ్లకు 850 అని చెప్పారు. ఇప్పుడు ఎవరైనా ఇంటికొస్తే నేను గదిలోకి వెళ్లిపోతున్నాను. డిగ్రీ చేస్తానంటే "850 వచ్చినోడు డిగ్రీ చేస్తాడా, అందరూ ఏమనుకుంటారు" అంటున్నారు. నాన్నంటే నాకు చాలా ఇష్టం, ఆయన్ని అబద్ధాలకోరును చేయలేను.
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: బాబూ, ఇందులో నీ తప్పు ఇసుమంత కూడా లేదు. నువ్వు రెండేళ్లు చదివి 610 తెచ్చుకున్నావు, పాసయ్యావు. ఆ సంఖ్య చెప్పుకోవడానికి సిగ్గుపడకు. నాన్నతో నలుగురి ముందు ఈ మాట తీయకు, ఇద్దరే ఉన్నప్పుడు "నాన్నా, ఆ 850 నాకు బరువుగా ఉంది, మోయలేకపోతున్నాను" అని అంతవరకే చెప్పు. నోటితో చెప్పలేకపోతే ఒక చీటీ మీద రాసి ఆయన జేబులో పెట్టు. దాంతోపాటు నువ్వు చేయాలనుకున్న డిగ్రీ, రెండు మూడు కాలేజీల పేర్లు, ఫీజు, దోస్త్ చివరి తేదీ కూడా రాయి. ఖాళీ చేతులతో వెళ్తే ఆయన మళ్లీ మార్కుల దగ్గరికే వస్తారు. అమ్మనో, ఆయన మాట వినే బాబాయినో ముందు నీ వైపు తెచ్చుకో. తేదీ దగ్గరపడుతుంటే దోస్త్ రిజిస్ట్రేషన్ మాత్రం అమ్మకు చెప్పి చేసేసుకో, చేసుకున్నంత మాత్రాన చేరాలని ఏమీ లేదు, ఆ దారి మూసుకుపోకుండా ఉంటుంది.

ఈ పేజీ మీ నాన్నగారు చదివితే ఆయనకు నా మాట ఇది. సార్, బిడ్డ పరువు కాపాడాలనే మీరు ఆ సంఖ్య చెప్పారని నాకు తెలుసు. కానీ వాడు మీ మాట నిలబెట్టడానికి గదిలో దాక్కుంటున్నాడు. ఈసారి ఎవరైనా అడిగితే 610 అని చెప్పండి. వాళ్లు వెంటనే అడిగేది "మరి ఏం చేర్పిస్తున్నారు" అనే కదా, దానికి జవాబు వాడినే చెప్పనివ్వండి.